చోక్ వైరు ఎందుకు కాలింది?
(ఒక పాత అంబాసిడర్‌కు బ్యాటరీ కేబుళ్లు వెతికిన కథ)

వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, జ్ఞాపకాలు, వార్డెన్ సారు మీద జోకులు ఎక్కువగా వస్తాయి. అవన్నీ రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మేము మాత్రం ఈసారి మూరెడు పొడవున్న ఒక రాగి తీగ గురించి రాస్తున్నాం. చదివి నవ్వకండి. ఆ తీగ సరిగా లేక మా ఇంట్లో బండి అమ్ముకునేదాకా వచ్చింది.

మా నాయన చదువుకోలేదు. కోస్గి చుట్టుపక్కల చాలా కుటుంబాల మాదిరే బతుకుతెరువుకు బొంబాయి పోయిండు. అక్కడ తెల్లారుజామున కాలీ-పీలీ ప్రీమియర్ పద్మినీ ట్యాక్సీలు కడిగే పని. కడుగుతూ కడుగుతూ డ్రైవింగ్ నేర్చుకున్నాడు. (ఆ పద్మినీ ట్యాక్సీలు 2023 అక్టోబరు చివరితో ముంబై రోడ్ల మీద పూర్తిగా ఆగిపోయాయి. ఆ వార్త ఫోన్లో చూపిస్తే మా నాయన చాలాసేపు మాట్లాడలేదు.) తిరిగొచ్చి జీపులు నడిపాడు. చివరికి కూడబెట్టిన పైసలతో వేలంలో ఒక అంబాసిడర్ కొన్నాడు. 1984 మోడల్, మార్క్ 4, పెట్రోలు బండి, 1489 సీసీ ఇంజను. తెల్ల రంగు. పెండ్లిళ్ల సీజనొస్తే మా ఊరి చుట్టూ పెండ్లికొడుకు ఊరేగింపుకు అదే కావాలంటారు. మా డిగ్రీ ఫీజులు, పీజీ హాస్టల్ మెస్ బిల్లులు కట్టింది ఆ బండే. మా వంశంలో డిగ్రీ పట్టా మాతోనే మొదలు. పట్టా మీద మా పేరే ఉన్నా పెట్రోలు పోసింది మాత్రం అంబాసిడర్.

పోయిన పెండ్లిళ్ల సీజన్‌లో సంగతి. ఊరేగింపు ముందర పెండ్లికొడుకు బండెక్కి కూర్చున్నాడు. నాయన సెల్ఫ్ కొట్టాడు. ఇంజను "గుర్ర్... గుర్ర్..." అని ముసలోడు మూలిగినట్టు మూలిగింది. రెండోసారి కొట్టాడు. మూడోసారి కొట్టేసరికి డ్యాష్‌బోర్డు కింది నుంచి పొగ లేచింది. ప్లాస్టిక్ కాలిన వాసన. పెండ్లికొడుకు బాసింగంతోనే కిందికి దుమికాడు. చూస్తే కాలింది బ్యాటరీ వైరు కాదు, లైట్ల వైరు కాదు. చోక్ వైరు! చోక్ వైరులో కరెంటే ఉండదు కదా. అది ఉత్త ఇనుప తీగ. డ్రైవర్ దగ్గరి గుండీ లాగితే కార్బురేటర్ దగ్గర ఆడేది. అది ఎట్లా కాలింది?

అడ్వాన్సు తిరిగిచ్చేశాం. తెల్లారి తుక్కు కొనే ఆయన వచ్చి బండి చుట్టూ తిరిగి ఒక ధర చెప్పిండు. నాయన సరేననే మాట మీదున్నాడు. "రెండు దినాలు ఆగు నాయనా, ఎందుకు కాలిందో చూసినంక అమ్ముదువు" అన్నాం. "నువ్వు చదివిన ఫిజిక్సుతోటి బండి నడుస్తదా బిడ్డా?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

మేమొక్కరమే అయితే నడిచేది కాదు. హాస్టల్లో మాతో ఒకే ట్రంకు పెట్టె పంచుకున్న మిత్రుడొకడు పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ చేశాడు. వాణ్ణి పిలిపించుకున్నాం. ఇక నుంచి "మేము" అంటే మేమిద్దరమూ అని అర్థం చేసుకోండి.

సెల్ఫ్ మోటరు తాగే కరెంటు

ముందు అసలు విషయం. బండిలో హెడ్‌లైట్, హారన్, వైపర్, ఇవన్నీ తాగే కరెంటు కొన్ని ఆంపియర్లే. 60 వాట్ల బల్బుకు 12 ఓల్టుల మీద 5 ఆంపియర్లు. కానీ సెల్ఫ్ మోటరు అట్లా కాదు. చల్లబడ్డ ఇంజనును తిప్పాలంటే మా బండిలాంటి పెట్రోలు ఇంజనుకు దాదాపు 150 నుంచి 200 ఆంపియర్లు కావాలి. డీజిలుకైతే ఇంకా ఎక్కువ. మన ఇండ్లలో మీటరు పక్కనుండే ఫ్యూజు చాలావరకు 16 లేదా 32 ఆంపియర్లది. దానితో పోల్చుకోండి. ఓల్టులు తక్కువ కాబట్టి ముట్టుకుంటే షాక్ కొట్టదు. అందుకే మనకు భయముండదు. భయపడాల్సింది ఓల్టుకు కాదు, ఆంపియర్‌కు.

తొమ్మిదో తరగతిలో, పదో తరగతిలో ఓమ్ నియమం బట్టీ పట్టాం కదా. ఓల్టేజి అంటే కరెంటు ఇంటూ నిరోధం. పరీక్షలో లెక్క వస్తే చేశాం, మర్చిపోయాం. ఆ లెక్కనే ఇక్కడ పెట్టి చూడండి. 25 చదరపు మిల్లీమీటర్ల మందమున్న రాగి తీగ, మీటరున్నర పొడవు. దాని నిరోధం ఒక ఓమ్‌లో సుమారు వెయ్యో వంతు. పిసరంత. అందులో 200 ఆంపియర్లు పోతే తీగలోనే 0.2 ఓల్టు ఖర్చవుతుంది. ఫరవాలేదు. అదే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే అర ఓల్టు పోతుంది. 6 అయితే 0.86 ఓల్టు. ఇక తీగ రాగి కాకుండా అల్యూమినియం అయితే నిరోధం ఒకటికి 1.6 రెట్లు. అంటే 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ దాదాపు ఒకటే.

"అర ఓల్టే కదా" అనుకోవద్దు. లో-ఓల్టేజీలో బోరు మోటరు ఏమవుతుందో మన పాలమూరు రైతు బిడ్డలకు ఒకరు చెప్పే పని లేదు. మోటరు మూలుగుతుంది, తిరగదు, తిరగకపోయినా కరెంటు గుంజుతూనే ఉంటుంది, చివరికి వైండింగ్ కాలిపోతుంది. సెల్ఫ్ మోటరూ అంతే. నెమ్మదిగా తిరిగే మోటరు తక్కువ కరెంటు తాగుతుందని చాలామంది పొరపాటు పడతారు.

కరెంటు తిరుగుదారి

బ్యాటరీలో రెండు కొనలుంటాయి. ఒక కొన నుంచి మందపాటి కేబుల్ సొలినాయిడ్‌కు పోతుంది. మా బండిలో సొలినాయిడ్ ఇంజను గది గోడకు విడిగా ఉంది. అక్కడి నుంచి ఇంకో కేబుల్ సెల్ఫ్ మోటరుకు దిగుతుంది. తర్వాత వచ్చిన బండ్లలో సొలినాయిడ్ మోటరు నెత్తి మీదనే ఉంటుంది కాబట్టి ఒకటే కేబుల్. ఇంతవరకు మెకానిక్కులందరూ చూస్తారు.

మరి మోటరులోకి పోయిన కరెంటు తిరిగి బ్యాటరీకి ఎట్లా చేరుతుంది? మోటరు ఒళ్లే రెండో కొన. మోటరు ఇంజనుకు బిగించి ఉంటుంది. అంటే కరెంటు ఇంజను దిమ్మలోకి వచ్చింది. బ్యాటరీ రెండో కొనేమో బండి బాడీకి బిగించి ఉంటుంది. ఇంజనుకు, బాడీకి మధ్య ఏముంది? రబ్బరు దిమ్మలున్నాయి! ఇంజను అదురు లోపలికి తెలియకుండా రబ్బరు మౌంటింగుల మీద కూర్చోబెడతారు. రబ్బరులో కరెంటు పారదు. అందుకే ఇంజను నుంచి బాడీకి ఒక అల్లిక పట్టీ వేస్తారు. చదునుగా, జడ అల్లినట్టు ఉంటుంది. దాన్నే ఎర్త్ పట్టీ అంటారు. చూడ్డానికి పాత బెల్టు ముక్కలా మసిగొట్టి ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

మా బండిలో ఆ పట్టీ లేనేలేదు. అంతకు మూడు వారాల ముందు క్లచ్ ప్లేటు మార్చడానికి ఒక షెడ్డులో ఇంజను దింపారు. ఎక్కించేటప్పుడు పట్టీ బిగించలేదు. అక్కడే సెల్ఫ్ నెమ్మదిగా ఉందని చెబితే "కేబుల్ పాతదైంది" అని కొత్త కేబుల్ వేసి పైసలు తీసుకున్నారు. పాత కేబుల్ మా నాయన పారెయ్యకుండా డిక్కీలో పడేశాడు. ఆయనకు ఏదీ పారేసే అలవాటు లేదు. ఆ అలవాటే తర్వాత మమ్మల్ని కాపాడింది.

పట్టీ లేకపోతే సెల్ఫ్ అసలే తిరగకూడదు కదా? అక్కడే ఉంది కిటుకు. నీళ్లకు కట్ట వేస్తే సందు వెతుక్కున్నట్టు కరెంటు కూడా దారి వెతుక్కుంటుంది. ఇంజను నుంచి బాడీకి పోయే ఇనుప వస్తువు ఏది దొరికితే అది. చోక్ వైరు ఒక కొన కార్బురేటర్ దగ్గర ఇంజనుకు తగిలి ఉంది, ఇంకో కొన డ్యాష్‌బోర్డుకు. స్పీడోమీటర్ కేబుల్ గేరుబాక్సు నుంచి మీటరు దాకా ఉంది. సైలెన్సర్ గొట్టం కొక్కేలున్నాయి. వందకు పైగా ఆంపియర్లు వీటన్నిటి గుండా పంచుకుని పోయాయి. మూడు వారాల నుంచి చోక్ గుండీ గట్టిగా పట్టేస్తోందని నాయన అంటూనే ఉన్నాడు. నూనె పోశాం. లోపల తీగ వేడికి తొడుగుకు అతుక్కుంటోందని అప్పుడు మాకు తట్టలేదు.

కొలిచి చూస్తే

మల్టీమీటరు ఇప్పుడు చిన్న ఎలక్ట్రికల్ దుకాణంలోనూ దొరుకుతుంది. హాస్టల్లో నలుగురు కలిసి కొనుక్కున్నా కొనొచ్చు. చేసే పద్ధతి ఇది. ఇంజను స్టార్టు కాకుండా కాయిల్ వైరు తీసి పక్కకు పెట్టాలి. బండి న్యూట్రల్‌లో ఉండాలి. ఒకరు రెండు మూడు సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు మీటరు చూడాలి. మీటరును డీసీ ఓల్టుల మీద పెట్టి, ఒక సూదిని బ్యాటరీ కొన మీద (క్లిప్పు మీద కాదు, సీసపు గుబ్బ మీద), ఇంకో సూదిని సెల్ఫ్ మోటరు బోల్టు మీద ఆనించాలి. ఆ దారిలో ఎన్ని ఓల్టులు పోగొట్టుకుంటున్నామో మీటరు చెప్పేస్తుంది.

మాకు వచ్చిన లెక్కలు: సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మీద 10.3 ఓల్టులు. అంటే బ్యాటరీ మంచిదే. బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ బోల్టు దాకా 1.1 ఓల్టు నష్టం. అర ఓల్టుకు లోపల ఉండాల్సింది. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి 0.1, మంచిదే. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజను దిమ్మకు 2.9! అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మోటరుకు మిగిలింది 10.3 లోంచి 1.1, 2.9 తీసేస్తే 6.3 ఓల్టులు. పన్నెండు ఓల్టుల మోటరు ఆరు ఓల్టుల మీద మూలగక ఏం చేస్తుంది? పైగా ఆ 2.9 ఓల్టుల దగ్గర పోతున్న కరెంటు 180 ఆంపియర్లు అనుకున్నా 500 వాట్లు దాటుతుంది. సగం ఇస్త్రీ పెట్టెంత వేడి. అందులో చోక్ వైరు వాటాకు వచ్చింది చాలు, దాన్ని కాల్చడానికి.

ఇక ఉండబట్టలేక పక్కింటి ట్రాక్టరాయన దగ్గర జంపర్ కేబుల్ తెచ్చి, ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొన ఇంజను దిమ్మ మీద మసి గీకిన చోట పట్టించి సెల్ఫ్ కొట్టాం. ఇంజను గిర్రున తిరిగింది. నాయన మొహంలో అప్పుడు చూడాలి. తుక్కు ఆయనకు అప్పుడే ఫోన్ చేసి రావద్దన్నాడు.

కొత్త కేబుల్ గుట్టు

ఎర్త్ సంగతి తేలింది. మరి పాజిటివ్ వైపు ఆ 1.1 ఓల్టు సంగతేంటి? కేబుల్ కొత్తది. వేలు లావున నల్లగా మెరుస్తూ ఉంది. మీద 35 అని అచ్చు కూడా ఉంది. దాన్ని విప్పి బ్లేడుతో కోశాం. తొడుగు మందం చూస్తే ఆశ్చర్యం, లోపలి తీగ పెన్సిల్ కన్నా సన్నం. పోగులు లెక్కపెట్టాం, 150. ఒక్కో పోగు అడ్డుకొలత కాలేజీ ల్యాబులోని స్క్రూగేజితో 0.3 మిల్లీమీటర్లు. ఒక పోగు వైశాల్యం 0.07 చదరపు మిల్లీమీటర్లు. 150తో హెచ్చిస్తే పదిన్నర. 35 ఎక్కడ, పదిన్నర ఎక్కడ!

ఇంతటితో అయిపోలేదు. పోగును చాకుతో గీకితే పైన ఎర్ర పూత పోయి లోపల తెల్లగా కనిపించింది. రాగి పూత పూసిన అల్యూమినియం. దీన్ని తేల్చడానికి ల్యాబు కూడా అవసరం లేదు తమ్ముళ్లూ, కిరాణా కొట్టు కాటా చాలు. రాగి సాంద్రత 8.96, అల్యూమినియం 2.7. తొడుగు తీసేసిన 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అర మీటరు ముక్క 157 గ్రాములు తూగాలి. మాది తూకం వేస్తే 20 గ్రాములు. కిరాణా ఆయన "ఇది తీగనా, దూదినా?" అన్నాడు.

అల్యూమినియం చెడ్డదని మేము అనడం లేదు. మన పొలాల మీద నుంచి పోయే కరెంటు తీగలు అల్యూమినియమే. కొన్ని కొత్త కార్లలో కంపెనీవాళ్లే లెక్కగట్టి లావు అల్యూమినియం కేబుల్ వేస్తున్నారు. కానీ దాని పద్ధతి వేరు, దాని లగ్గులు వేరు. గాలి తగిలితే పైన కరెంటు పారని పొర కడుతుంది, బోల్టు కింద నలిగి నలిగి వదులవుతుంది, ఇత్తడితోనో రాగితోనో కలిసి ఆమ్లపు తడిలో ఉంటే తొందరగా తినేస్తుంది. రాగి అని చెప్పి అది అమ్మడమే తప్పు.

వెతుకులాట

అంబాసిడర్ తయారీ పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో 2014 మే నెలతో ఆగిపోయింది. 2017లో ఆ పేరును కూడా ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. కాబట్టి "కంపెనీ కేబుల్ కావాలి" అని అడిగితే దుకాణాల వాళ్లు నవ్వుతారు. పెద్ద ఊర్లలో పాత సామాను దొరుకుతుంది, కలకత్తా మల్లిక్ బజార్‌లో అంబాసిడర్ భాగాలకు పేరుంది. కానీ కేబుల్ విషయంలో పాతది వెతకడం తెలివి కాదని మా అభిప్రాయం. తలుపు పిడి పాతదైనా అందమే. నలభై ఏండ్ల కేబుల్‌లో తొడుగు కింద రాగి పచ్చబడి పొడి అవుతుంది. కొలత పాతది తీసుకోవాలి, తీగ కొత్తది తీసుకోవాలి.

డిక్కీలో నాయన దాచిన పాత కేబుల్ అప్పుడు పనికొచ్చింది. పొడవు ఎంత, లగ్గు బోల్టు బెజ్జం ఎంత, లగ్గు ఏ దిక్కుకు వంగి ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. అది పట్టుకుని కోస్గిలో తిరిగితే ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణంలో ఎర్త్ పట్టీ దొరికింది. ట్రాక్టర్‌ది కాబట్టి మనకు అవసరమైన దానికన్నా మందమే. ఎర్త్ పట్టీ మందం ఎక్కువైతే నష్టం లేదు. ఆ దుకాణంలో రెడీమేడ్ పాజిటివ్ కేబుళ్లు కూడా ఉన్నాయి. కానీ ట్రాక్టర్ కొలతకు చేసినవి కాబట్టి పొడవు ఎక్కువ. మిగిలిన పొడవును చుట్ట చుట్టి కట్టేస్తే సరిపోతుందని ఆయన అన్నాడు. చుట్ట చుట్టిన కేబుల్ ఇంజను అదురుకు ఎక్కడో ఒకచోట రాసుకోక తప్పదు. వద్దన్నాం.

మహబూబ్‌నగర్‌లో ఒకటి రెండు చోట్ల అడిగి, చివరికి హైదరాబాదు బస్సెక్కాం. పుత్లీబౌలిలో, రాణీగంజ్‌లో కాళ్లు నొప్పి పుట్టేలా తిరిగాం. అక్కడ నేర్చుకున్న ముఖ్యమైన సంగతి: "బ్యాటరీ కేబుల్ ఉందా?" అని అడగొద్దు, "35 స్క్వేర్ ఎంఎం, రాగి, సన్న పోగులది, మీటర్ల లెక్కన కావాలి, కోసి చూపించాలి" అని అడగాలి. అట్లా అడిగితే దుకాణదారు మన మొహం వైపు చూసి లోపలి నుంచి వేరే చుట్ట తెస్తాడు. వెల్డింగ్ కేబుల్ కూడా సన్న పోగులతో మెత్తగా వంగుతుంది, చాలామంది మెకానిక్కులు అదే వాడతారు. కానీ వెల్డింగ్ కేబుల్ అల్యూమినియంలో కూడా వస్తుంది. కోసి, గీకి చూడకుండా తీసుకోవద్దు. మా పెట్రోలు బండికి 25 సరిపోయేది. దగ్గర పొడవే కదా, ధర తేడా కొంచెమే కదా అని 35 తీసుకున్నాం.

లగ్గుల మీద "35-8", "35-10" అని ఉంటుంది. మొదటి అంకె తీగ మందం, రెండోది బోల్టు సైజు మిల్లీమీటర్లలో. ఈ చిన్న సంగతి తెలియక పెద్ద బెజ్జం లగ్గును చిన్న బోల్టుకు వాషర్లు పెట్టి బిగించేవాళ్లున్నారు. లగ్గును సుత్తితో కొట్టి నొక్కించడం మన దగ్గర మామూలు. అట్లా చేస్తే లోపల సగం పోగులు వదులుగానే ఉంటాయి. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న దుకాణంలోనే నొక్కించుకున్నాం. మా ఐటీఐ మిత్రుడు ప్రతి లగ్గును కాలితో తొక్కిపట్టి రెండు చేతులా గుంజి చూశాడు. దుకాణదారుకు కోపమొచ్చింది, మావాడు చలించలేదు.

బ్యాటరీ క్లిప్పుల గురించి ఒక మాట. బ్యాటరీ పాజిటివ్ గుబ్బ నెగటివ్ కన్నా కొంచెం లావుంటుంది, తారుమారు కాకుండా ఆ ఏర్పాటు. అదిగాక గుబ్బలు లావువి, సన్నవి అని రెండు రకాలు. జపాన్ పద్ధతి చిన్న కార్ల బ్యాటరీలకు సన్నవి. సన్న గుబ్బకు లావు క్లిప్పు వేసి మధ్యలో మేకు దూర్చే "వైద్యం" మీరు చూసే ఉంటారు. మేకు తాకే చోటు గీతంత. ఆ గీతలోంచి 200 ఆంపియర్లు పోవాలి. ఆలోచించండి.

దారి వెయ్యడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పట్టింది. ఒకటి గుర్తుపెట్టుకోండి: మా బండిలాంటి పాత బండ్లలో బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు పోయే ఈ కేబుల్‌కు ఫ్యూజు లేదు. తొడుగు చిరిగి బాడీ రేకుకు తగిలిందంటే అది వెల్డింగే. ఆపేవాడు ఉండడు. పెట్రోలు బండికి అది పక్కనే ఉంటే ఇక చెప్పేదేముంది.

మొదట ఏ కొన విప్పాలి? బాడీకి పోయే కొన. ఎందుకంటే పాజిటివ్ విప్పుతుంటే పానా జారి బాడీకి తగిలితే నిప్పులు కురుస్తాయి. ఎర్త్ ముందే తీసేస్తే తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు ఎర్త్ చివర. చేతికి ఉంగరం, కడియం తీసెయ్యాలి. బ్యాటరీ ఛార్జింగ్ మీద హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నూటికి నాలుగు వంతులు దాటితే నిప్పురవ్వ చాలు. కాబట్టి బీడీ తాగే మిత్రులు దూరం.

"ఎర్త్ అంటే నెగటివే కదా" అని మేము కూడా అనుకునేవాళ్లం. మన అంబాసిడర్‌కు తల్లి అయిన బ్రిటన్ మారిస్ ఆక్స్‌ఫర్డ్‌లో పాజిటివ్ కొన బాడీకి ఉండేది. 1960ల దాకా బ్రిటిష్ కార్లలో అదే పద్ధతి. అందుకే మా దానికన్నా పాత బండి ఎవరి దగ్గరున్నా, కేబుల్ రంగు చూసి కాదు, బ్యాటరీ మీది గుర్తు చూసి, ఏ కొన బాడీకి పోతోందో ఒక కాగితం మీద గీసుకుని తర్వాతనే విప్పాలి. మా బండిలో నెగటివే.

మా ఇంజనుకు డ్రైవరు సీట్లోంచి చూస్తే పొగగొట్టం ఎడమ వైపు, సెల్ఫ్ మోటరు కుడి వైపు. వేడి బాధ తక్కువే. కానీ కుడి వైపే స్టీరింగు రాడ్డు దిగుతుంది. షెడ్డు వాళ్లు వేసిన కేబుల్ రాడ్డుకు ఆనుకునే ఉంది, తొడుగు మీద అప్పటికే మెరిసే గాడి పడింది. ఇంకో నాలుగు నెలలైతే కథ చోక్ వైరుతో ఆగేది కాదు. మేము కేబుల్‌ను గోడ వెంబడి తీసి, రాడ్డుకు మూడు వేళ్ల ఎడం వదిలి, జానెడున్నరకు ఒక క్లిప్పు వేసి పట్టించాం. రేకు అంచు మీదుగా పోయే చోట రబ్బరు ముక్క. పెట్రోలు గొట్టం వెంట అస్సలు కట్టలేదు, ఎంత సులువైనా సరే. చివరి క్లిప్పుకు, మోటరుకు మధ్య కేబుల్‌ను బిగుతుగా పెట్టకుండా కొంచెం వంపు వదిలాం. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను ఒక పక్కకు ఊగుతుంది. బిగుతుగా ఉంటే ఆ గుంజుడు లగ్గు మీద, బోల్టు మీద పడుతుంది.

ఎర్త్ పట్టీకి రెండు వైపులా రంగు, మసి, తుప్పు పోయేదాకా ఉప్పు కాగితంతో రుద్దాం. రంగు మీద బిగించిన బోల్టు బిగించనట్టే. పళ్ల వాషరు వేసి గట్టిగా తిప్పి, ఆ తర్వాత పైన వ్యాజలైన్ పూశాం. ముందు పూసి తర్వాత బిగించేవాళ్లున్నారు, వరుస అది కాదు. బ్యాటరీ గుబ్బల మీది తెల్ల పచ్చ బూజును వంటసోడా కలిపిన నీళ్లతో కడిగాం. బ్యాటరీని పట్టి ఉంచే ఇనుప చట్రం కూడా బిగించాం. అది లేకపోతే గతుకుల్లో బ్యాటరీయే జరిగి కేబుల్‌ను గుంజుతుంది. కోస్గి నుంచి లోపలి ఊర్లకు పోయే రోడ్ల మీద గతుకుల గురించి రాస్తే ఈ సంచిక చాలదు.

చివరగా మళ్లీ మీటరు పెట్టాం. బ్యాటరీ 10.2. పాజిటివ్ వైపు నష్టం 0.3. ఎర్త్ వైపు 0.2. మోటరుకు అందింది 9.7 ఓల్టులు. కాయిల్ వైరు పెట్టి నాయనను పిలిచాం. ఆయన చోక్ కొత్త వైరు లాగి సెల్ఫ్ కొట్టాడు. ఒక్కసారికే అందుకుంది. ఆయన ఏమీ అనలేదు. బానెట్ మూసి, తువ్వాలతో అద్దం తుడిచాడు. సాయంత్రం పెండ్లి బ్రోకరుకు ఫోన్ చేసి "బండి మంచిగైంది, గిరాకీ ఉంటే చెప్పు" అనడం మాత్రం విన్నాం.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏండ్లు దాటిన బండ్లకు "వింటేజ్" నంబరు ప్లేటు ఇచ్చే నిబంధన తెచ్చింది. మా బండికి 2034లో ఆ అర్హత వస్తుంది. కానీ వింటేజ్ బండిని కిరాయికి తిప్పకూడదని కూడా అదే నిబంధనలో ఉంది కాబట్టి మా నాయనకు ఆ గౌరవం మీద ఆసక్తి లేదు.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా కంపెనీ లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. మన తమ్ముళ్లలో కొందరు రేపు అక్కడ ఉద్యోగాలకు పోతారు. ఎలక్ట్రిక్ కార్లలో కేబుళ్లు నారింజ రంగులో ఉంటాయి. వాటిలో వందల ఓల్టులు ఉంటాయి. ఈ వ్యాసంలో చెప్పిన పని వాటి మీద ఎవరూ చెయ్యొద్దు, శిక్షణ లేకుండా ముట్టుకోవద్దు.

కోసిన ఆ దొంగ కేబుల్ ముక్కను, హైదరాబాదు నుంచి తెచ్చిన దాంట్లో మిగిలిన అర మీటరు రాగి ముక్కను మన హాస్టల్‌కు తెచ్చి ఇచ్చాం. స్టడీ అవర్ గదిలో సైన్సు బీరువా కింది అరలో ఉన్నాయి. బియ్యం తూచే కాటా మీద వద్దు, దానికి అంత సన్నని తూకం రాదు. పక్క సందులో కిరాణా కొట్టు ఆయన అడిగితే తూచి ఇస్తాడు, మేము చెప్పి పెట్టాం.